పసుపు పూసిన బల్ల

పెదగంట్యాడ,
శనివారం సాయంత్రం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, మా ఇంటి పెద్దతల్లి దుర్గమ్మకు మీ అయ్య అప్పలసూరి రెండు చేతులా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ చెల్లీ గంగాలమ్మ దయవల్ల కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడు ఎల్లారావూ, పొత్తిళ్ళలో ఉన్న నా మనవడూ, వాడి కాళ్ళకి నూనె రాస్తూ కూర్చున్న మీ అమ్మా చల్లగా ఉన్నారని అక్కడ్నించి వచ్చిన పోలిరాజు చెప్పాడు. వాడు మంగళవారం మళ్ళీ పోర్టుబ్లేరు ఓడెక్కుతున్నాడు. ఈ ఉత్తరం, మాడుగుల హల్వా డబ్బా, మీ అమ్మ గూట్లో మరిచిపోయిన కళ్ళజోడు వాడి చేతికే ఇస్తున్నాను. బాలింతరాలు హల్వా తినొచ్చో లేదో మీ అమ్మను అడుగు. వద్దంటే ఒక ముక్క చాటుగా తిను.

తల్లీ, ముందు సంతోషం చెప్పేస్తాను, లేకపోతే చేతిలో పెన్ను నిలవడం లేదు. చెల్లి ఉద్యోగం పర్మనెంట్ అయిపోయింది! ఫోన్లో అది “అయిపోనాదప్పా” అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసి ఉంటుంది. దాని సంగతి నీకు తెలుసు కదా. నేనైతే అలా ఊరుకోలేను. యజమాని కృష్ణంరాజు గారు నిన్న స్వయంగా పిలిచి కాగితం ఇచ్చారు. అందులో “దేవిశ్రీ, కటింగ్ ఆపరేటర్” అని అచ్చు అక్షరాల్లో ఉంది. ఆ కాగితం కళ్ళకద్దుకున్నాను. గంగాలమ్మ పటం దగ్గర పెట్టి, మళ్ళీ తీసి జేబులో పెట్టుకుని వీధంతా తిరిగాను. నేను చూపించని మనిషి వీధిలో మిగల్లేదు. చేపలమ్మే పుష్ప కూడా గంప దించి చేతులు చీర కొంగుకి తుడుచుకుని పట్టుకుంది. “మావా, నాకు సదువు రాదుగానీ కాగితం మటుకు తెల్లగా బాగున్నాది” అంది. ఆటో అతనికి చూపించబోతే “నిన్న సూపించీసినావు కదేటి బాబూ” అన్నాడు. నిజమే, మరిచిపోయాను. మళ్ళీ చూపించాను.

ఇంత సంతోషం ఫోన్లో చెప్పకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నావని అడుగుతావు. ఈ రెండు గదుల ఇంట్లో నేను ఎంత మెల్లగా మాట్లాడినా చెల్లికి వినబడుతుంది. చూపు సన్నగిల్లిన కొద్దీ దాని చెవులు అంత పదునెక్కాయి. ఉత్తరమైతే అది చదవలేదు. నీతో దానికి తెలియకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది, అందుకని ఉత్తరం. ఈ వాక్యం రాశాక మనసు ఏదోలా అయింది. అయినా కొట్టెయ్యను.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నా మోకాలు అలాగే ఉంది. బోట్ల మీద వల లాగే వించ్ తిప్పి తిప్పి అరిగినది ఇప్పుడు కొత్తగా మొలుస్తుందా? ఇంటి దగ్గర కూర్చుని వలలు బాగుచేస్తున్నాను, కాలక్షేపం అవుతోంది. వంట నేనే చేస్తున్నాను. మొదట్లో చెల్లి మాట్లాడకుండా తినేది. ఇప్పుడు మారు వడ్డించుకుంటోంది.

రెండోది నువ్వు కోప్పడి రాశావు. “అయ్యా, గొట్టంలోంచి చూసినట్టు కనబడే పిల్లని ఇంకా ఆ బ్లేడు దగ్గరికి ఎలా పంపిస్తున్నావు? మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టు” అన్నావు. నీ కోపం నాకు అర్థమవుతుంది. చిన్నప్పుడు సందెవేళ దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది నువ్వే కదా. అప్పుడు రేచీకటి అనుకున్నాం. ఇప్పుడు పగలు కూడా ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు కనబడవు. ఆ కంపెనీలో ఏం మార్చారో వివరంగా రాయమని అల్లుడు కూడా అడిగాడు కదా, వాళ్ళ బోట్లు కట్టే యార్డులో కాలు పోగొట్టుకున్న మనిషిని తీసేస్తామంటున్నారని. కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

చెల్లి పని ఆటోనగర్‌లో హోస్ పైపులు కోయడం. అంటే క్రేన్లకీ, లారీలకీ, మన బోట్ల వించ్‌లకీ ఆయిల్ తీసుకెళ్ళే నల్లటి లావుపాటి రబ్బరు గొట్టాలు. ఎవరికి ఎంత పొడుగు కావాలో అంత కోసి పక్క మిషన్ మీదున్న పైడయ్యకి ఇస్తే, అతను చివర్లకి ఇనప ముక్కు బిగిస్తాడు. ఐటీఐ అయిన దగ్గర్నుంచీ అదే పని. చూపు తగ్గుతోందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని భయం. పోయిన వానాకాలంలో దారిలో పెట్టిన ట్రాలీకి గుద్దుకుని పడింది. అప్పుడు సూపర్‌వైజర్ జ్యోతిర్మయి మేడం గదిలోకి పిలిచారట.

“దేవిశ్రీ, నీకు ఎంత వరకు కనబడుతుంది?” అన్నారట.

“బాగానే కనపడతాది మేడం” అందట ఇది.

“నిన్ను పంపించడానికి అడగడం లేదమ్మా. ఏం మారిస్తే నీ పని నువ్వు చేసుకోగలవో చెప్పు. మార్చగలిగింది మారుద్దాం.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట నాకు చెప్పి ఏడ్చింది. మంచి మాటే కదా, ఏడుపెందుకో నాకు తెలియలేదు. “అయ్యా, కళ్ళకి ఏటయినాది అని అడిగినోల్లే గానీ, నీకేటి కావాల అని ఇన్నేళ్ళలో ఎవులూ అడగనేదు” అంది. ఎవులూ అన్నప్పుడు అందులో మనం కూడా ఉన్నాం దుర్గా. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబెట్టాం, మొక్కులు మొక్కాం, మంచినీళ్ళ గ్లాసు చేతికందించాం. ఒక్కసారైనా అడిగామా?

అడిగితే ఎంత చిన్నవి కోరిందో తెలుసా? తెల్లటి ఇనప బల్ల మెరుపులో కొలత గుర్తులు కలిసిపోతున్నాయి, బల్లకి నల్లరంగు వేసి, కొలత ఉన్నచోటల్లా లావుగా పసుపురంగు గీతలు గీయమంది. గొట్టం కొస ఆ గీతకి ఆనించి కోస్తే సరిపోతుందట. కళ్ళలోకి కొట్టే లైటుని వెనక్కి జరపమంది. ఆర్డర్లు చీటీ మీద రాయకుండా ఫోన్‌కి పంపిస్తే ఫోనే చదివి వినిపిస్తుంది. మేడం తన తరఫున ఇంకోటి చేయించారు, నీ భయానికి అదే మందు. రెండు చేతులూ రెండు పిడుల మీద ఉంటే తప్ప ఆ బ్లేడు తిరగదు. ఒక చెయ్యి తీసినా ఆగిపోతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరేలా డ్యూటీ ఒక గంట ముందుకు జరిపారు. గేటు నుంచి బల్ల దాకా నేల మీద పసుపు గీత వేసి, దాని మీద ఎవరూ ఏ సామానూ పెట్టకూడదన్నారు.

పైడయ్య మొదట్లో నా దగ్గర గొణిగాడు. “ఏటి బావా, మీ గుంట కోసం నా ట్రాలీ నాను పెట్టుకోకూడదేటి? నాను పుట్టకముందు నుంచీ ఆ ట్రాలీ అక్కడే ఉన్నాది!” అన్నాడు. ఇప్పుడు అతనే కాపలా. ఎవడైనా గీత మీద బకెట్టు పెడితే “ఒరే, అది రైలు పట్టా రా, బండొచ్చి గుద్దీగలదు, తియ్యి” అని అరుస్తాడు. చెల్లి దగ్గరికి వచ్చే ముందు ప్రతివాడూ తన పేరు చెబుతాడు. పైడయ్య మాత్రం “నాను, అందగాణ్ణి” అంటాడు.

ఇవన్నీ చూశాక నాకు మన బోటు గుర్తొచ్చింది. బోటు మీద కత్తి ఎప్పుడూ ఒకే గుంజకి వేలాడుతుంది. తాడు ఎడం పక్కన, నీళ్ళ డబ్బా కుడి పక్కన. ఎందుకంటే చీకట్లో నడిసముద్రంలో అందరమూ గుడ్డివాళ్ళమే, చెయ్యి చాపితే వస్తువు దొరకాలి. అక్కడ ఎవరూ ఎవరి మీదా జాలిపడి కత్తిని గుంజకి తగిలించలేదు. పని జరగాలని తగిలించారు. చెల్లి బల్ల కూడా అంతే. ఈ మాట అల్లుడికి చెప్పు. ఆ మనిషికి ఏ పని ఇవ్వాలో మీలో మీరు తేల్చుకోకండి. అతన్నే కూర్చోబెట్టి అడగండి.

సరే, ఇంత మంచి జరిగాక నాకు దిగులేమిటంటావు. మేడం దానికి ఇంకో మెట్టు ఎక్కే దారి చూపించారు. పరవాడ మందుల కంపెనీల ఆర్డర్లు పెరిగాయని రెండో షెడ్డు వేస్తున్నారు. అందులోకి ఇద్దరు కొత్తవాళ్ళు వస్తున్నారు, ఒకతనికి వినబడదు, ఒకావిడకి పోలియో కాలు. వాళ్ళకి కటింగ్ పని నేర్పించే బాధ్యత దేవిశ్రీకి ఇస్తామన్నారు. సోమవారం జవాబు చెప్పాలి.

చెల్లి వద్దంది.

చెల్లి వస్తున్నట్టుంది, వాకిట్లో చెప్పుల చప్పుడు. మిగతాది రేపు.

ఆదివారం పొద్దున్న.

చెల్లి, తనతో రోజూ పనికి వెళ్ళే రాధ వాళ్ళింటికి టీవీ వినడానికి వెళ్ళింది. ఇప్పుడు రాస్తాను. దుర్గా, ఇక్కడ్నించి అమ్మకి చదవొద్దు. కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటుంది, అయినా చదవడం రాదు కాబట్టి నువ్వు ఒక పేజీ దాటేస్తే తెలియదు.

చెల్లి ఎందుకు వద్దందో రాత్రి భోజనాల దగ్గర అడిగాను. “ఆ శుక్రారం గుర్తున్నాదా అయ్యా? కళ్ళు సెప్పకుండా సెయ్యకుండా నన్ను ఒగ్గీసినాయి. మల్లీ ఎప్పుడు ఒగ్గీస్తాయో నాకే తెల్దు. నాను ఇంకోళ్ళకి నేర్పేదేటి? ఆళ్ళ పని కూడా పాడు సేయడానికా?” అంది.

ఆ శుక్రవారం సంగతి నీకు ఫోన్లో చెప్పలేదు. నల్ల బల్ల తయారైన కొత్తల్లో, మేడం ఊళ్ళో లేని రోజు, చెల్లి కోసిన పైపులన్నీ జానెడు పొట్టిగా వచ్చాయి. పోర్టు క్రేన్ కోసం కోసినవి. మొత్తం పనికి రాకుండా పోయాయి. కృష్ణంరాజు గారు తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. “నువ్వు కొన్నాళ్ళు ట్యాగులు కట్టమ్మా” అని బల్ల దగ్గర నుంచి లేపి, కోసిన పైపులకి చీటీలు కట్టే చోట కూర్చోబెట్టారు. మేడం తిరిగొచ్చి పట్టుబడితే మళ్ళీ బల్ల దగ్గర కూర్చోనిచ్చారు గానీ, నెల చూసి ఉంచాలో పంపాలో చెబుతానన్నారు. ఆ నెలంతా దాని చేతిలో ఒక్క పైపు తప్పలేదు. అలా వచ్చింది ఆ కాగితం.

ఇప్పుడు నా సంగతి చెబుతాను.

ఆ శుక్రవారం దాని కళ్ళు ఏమీ వదిలెయ్యలేదు. నేను చేశాను.

కొత్త బోటు నీళ్ళలోకి దిగే రోజు మనం ఏం చేస్తాం? ముక్కుకి పసుపు ముద్ద దట్టంగా పూసి, బొట్లు పెట్టి, వేపకొమ్మ కట్టి, కొబ్బరికాయ కొట్టి గంగాలమ్మకి అప్పజెబుతాం. నా కూతురికి కొత్త బల్ల వచ్చింది, దానికి పసుపు లేకుండా ఎలా? చెల్లికి చెబితే “అయ్యా, నలుగురిలో సిగ్గు” అంటుందని, చేపల రేవుకి వెళ్తున్నానని అబద్ధం చెప్పాను. అది రాధతో కలిసి వెనకాల వచ్చేలోపు ఆటోనగర్ చేరాను. పైడయ్య తాళం తీశాడు. ఆ షాపులో శుక్రవారం శుక్రవారం మిషన్లకి కాస్త బొట్టు పెట్టడం వాళ్ళకి మామూలే, అందుకని ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళు పెట్టేది వేలితో బొట్టు. నేను బోటుకి పూసినట్టు పూశాను. బల్ల అంచు పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మూరెడు వెడల్పున. పూసి, వెనక్కి జరిగి చూసుకుంటే పెళ్ళికూతురిలా ఉంది. కన్నీళ్ళొచ్చాయి నాకు. దండం పెట్టుకుని, అది వచ్చేలోపు వెళ్ళిపోయాను.

ఆ అంచు మీదే దాని పసుపు గీతలన్నీ ఉన్నాయి తల్లీ.

నల్లటి బల్ల మీద పసుపు గీత దానికి దారి. నేను బల్లంతా పసుపు చేసి దారి చెరిపేశాను. పసుపు వాసన దానికి వచ్చే ఉంటుంది, శుక్రవారం కదా అనుకుని ఉంటుంది. గీతలు కనబడకపోతే ఎవరినైనా అడగొచ్చు కదా అంటావు. అడిగితే చూపు పూర్తిగా పోయిందంటారని, తడుముకుని జ్ఞాపకం మీద కోసుకుంటూ పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి గోడకి చేరగిలబడి “అయ్యా, గీతలు కనపడనేదు. కళ్ళ ముందర అంతా పసుపు మసక కమ్మీసినాది” అంది. పసుపు అనగానే నాకు అర్థమైపోయింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. మర్నాడు తెల్లారగానే వెళ్ళి తడిగుడ్డతో, కిరసనాయిలుతో ఆ బల్లంతా కడిగి వచ్చాను. తర్వాత మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు గీతలు కనబడేసరికి, పోయిన చూపు తిరిగొచ్చింది, మళ్ళీ పోతుంది అనుకుంది.

ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. దాని పని బాగా సాగుతోంది కదా, ఇప్పుడు కదపడం దేనికి అనుకున్నాను. పైడయ్యకి అనుమానం వచ్చింది. కాగితం ఇచ్చిన రోజు నేను జిలేబీలు పంచుతుంటే పక్కకి లాగి అడిగాడు: “బావా, బల్ల కడిగీసినావు సరే. నోరు కూడా కడిగీసుకున్నావేటి, మాట రావట్నేదు?”

నేను జిలేబీ అతని నోట్లో పెట్టి తప్పించుకున్నాను. నవ్వకు. ఆ పూట నేను ఒక్క జిలేబీ కూడా ముట్టలేదు.

ఆదివారం సాయంత్రం.

పైన రాసినదంతా ఒకసారి చదువుకున్నాను. నీకు చెప్పేశాను కాబట్టి బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. దాని గురించి దానికి తెలియకూడదని రాసిన ఉత్తరం, అది చదవలేదన్న ధైర్యంతో రాసిన ఉత్తరం. గీతల మీద పసుపు పూసింది ఒకసారి. ఇది రెండోసారి.

చెల్లి చేపల గిన్నె ముందు కూర్చుని నెత్తళ్ళ తలలు తీస్తుంటే నేను కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

“అప్పకి రాసినాను. సదివి వినిపించనా?”

“నన్నేటి అడగతన్నావు? అప్పకి రాసినది అప్పకే కదా.”

“నీ సంగతే రాసినాను. నువ్వు ఇనాల.”

చదివాను. హల్వా దగ్గర నవ్వింది. పుష్ప మాట దగ్గర ఇంకా నవ్వింది. ‘ఉత్తరమైతే అది చదవలేదు’ దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. “ఆగిపోనావేటి? సదువు” అంది. దాని చేతులు నీళ్ళలో కదలడం మానేశాయి. చివరిదాకా చదివాను.

అది కిటికీ వైపు తిరిగింది.

“అయ్యా, ఆ రోజు నుంచి పొద్దున్న లెగ్గానే నాను ఏటి సేత్తన్నానో తెలుసా? ఆ కిటికీ సువ్వలు లెక్కెడతన్నాను. నిన్న కనపడినన్ని నేడు కనపడతన్నాయో నేదో అని. ప్రతి పొద్దూ. నువ్వు బల్ల కడిగీసి వచ్చీసినావు. నా బయ్యం ఎవులు కడుగుతారు?”

దుర్గా, సముద్రంలో బోటు తిరగబడిన రోజు కూడా నేను అంత భయపడలేదు.

“తప్పయిపోనాది తల్లీ” అన్నాను. “మంచి జరగాలనే...”

“మంచి జరగాలనే పూసినావు. అది నాకు తెలుసు. పూయడానికి కోపం నేదు. దాసినందుకు కోపం.” కళ్ళు తుడుచుకోబోయి, చేతులు చేపల వాసనని ఆగి, మోచేత్తో తుడుచుకుంది. “నాను ఇన్నాళ్ళూ నా కళ్ళనే తిట్టుకున్నాను. పాపం, అవేటీ సెయ్యనేదు.”

అది మళ్ళీ గిన్నెలో చేతులు పెట్టింది.

“రేపు దాకా నీ మీద కోపంగా ఉంటాను. అన్నం మటుకు తింటాను. ఆ పులుసు పొయ్యి మీద మాడతన్నాది, సూసుకో.”

పరుగెత్తాను. వెనకనుంచి ఇంకో మాట అంది. “రేపు మేడంకి నాను సెప్పను. నువ్వే సెప్పాల. అమ్మకి కూడా ఆ పేజీ సదవమని అప్పకి రాయి. మనింట్లో ఇంక దాసీడాలు వద్దు.”

కాబట్టి పైన నేను అమ్మకి చదవొద్దన్న చోట కూడా చదివెయ్యి. తిట్లు ఓడ దిగి నా దాకా వచ్చేసరికి చల్లారతాయి.

సోమవారం సాయంత్రం.

ఇది పూర్తి చేసి ఇవాళే పోలిరాజుకి ఇచ్చెయ్యాలి.

పొద్దున్న దానితో కలిసి ఆటోలో వెళ్ళాను. దారంతా అది మాట్లాడలేదు. కానీ సగం దారి దాటాక గుంటలు వస్తే నా మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకుంది, కుదుపుకి నొప్పెడుతుందని. అప్పుడు తెలిసింది కోపం గడువు దగ్గరపడిందని.

మేడం గదిలో నిలబడి మొత్తం చెప్పాను. ఉద్యోగం కాగితం వెనక్కి తీసుకుంటారేమో అని భయం. ఆవిడ టేబుల్ మీద మోచేతులు పెట్టి విన్నారు.

“పెద్దయ్యా, మీ మీద కోపం రావాలి నాకు. కానీ నాకు వేరే ఆలోచన వస్తోంది. ఆ రోజు ఈ షాపులో ఇంతమంది ఉన్నారు. పైపులు పొట్టిగా వచ్చాయి. ఒక్కరూ వెళ్ళి బల్ల ఎలా ఉందో చూడలేదు. అందరూ దేవిశ్రీనే చూశారు. నేను ఉన్నా బల్ల చూసేదాన్నో లేదో, నాకూ తెలీదు” అన్నారు.

ఆ మాట నా లోపల ఇంకా తిరుగుతూనే ఉంది. నేను కూడా అంతే చేశాను కదా. తప్పు ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను కూడా నిందని దాని కళ్ళ మీదే వదిలేశాను.

మేడం చెల్లిని పిలిచారు. “ఇప్పుడు చెప్పు దేవిశ్రీ. మళ్ళీ అడుగుతున్నాను. నీకు ఏం కావాలి?”

చెల్లి గీతల పక్కన చిన్న ఇత్తడి పట్టీలు బిగించమంది. “రంగు మాసినా, లైటు పోయినా, మా అయ్య మల్లీ వచ్చినా, వేలికి తగలాల” అంది. ఆ ‘మా అయ్య మల్లీ వచ్చినా’ దగ్గర మేడం నవ్వాపుకోలేకపోయారు. రెండో షెడ్డు సంగతి కూడా అదే ఎత్తింది. “నాను నేర్పుతాను మేడం. గానీ కొత్తోల్లకి బల్లలు ముందే తయారు సేసీయకండి. ఆళ్ళు వచ్చినాక, ఆళ్ళని అడిగి సేద్దాం. నాకు సరిపోయినది ఆళ్ళకి సరిపోదు.”

దుర్గా, ఆ గదిలో నిలబడి ఆ మాట విన్నాను నేను! నా దేవిశ్రీ! మేడం ముందు తలెత్తుకుని! సందెవేళ నీ చెయ్యి పట్టుకోకుండా గుమ్మం దాటని పిల్ల! అక్కడే గట్టిగా అరవబోయి, ఇంకెందుకులే, ఇప్పటికి నేను చేసింది చాలు అని నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నానికి పైడయ్య ఇత్తడి ముక్కలు కోసి, అంచులు గుచ్చుకోకుండా అరగదీసి బిగించేశాడు. నన్ను చూసి “నోరు పెగిలినాదా బావా? జిలేబీలు మల్లీ పంచు మరి. ఆ రోజు నా నోరు మూయడానికి పెట్టినది లెక్కలోకి రాదు” అన్నాడు.

నేను ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. జేబులో చిన్న పొట్లం ఉంది. చెబితే నవ్వుతావు, కొత్త ఇత్తడి పట్టీలు కదా, ఊరికే పోనిద్దామా అని పక్క కొట్లో పసుపు కొనుక్కొచ్చాను. తీద్దామా వద్దా అని చెయ్యి జేబులోనే ఉండిపోయింది. చెల్లి అక్కడ్నించే ముఖం ఇటు తిప్పింది.

“పసుపు వాసనొస్తన్నాది” అంది.

“నేదు నేదు, ఊరికే...”

“రా అయ్యా.”

వెళ్ళాను. “ఎక్కడ పెట్టమంటావు తల్లీ?” అని అడిగాను. అడిగానమ్మా! నా వేలు పట్టుకుంది. పొట్లంలో ముంచింది. బల్ల అంచు దాటించి, గీతలు దాటించి, అడుగున కాలు మొదలయ్యే చోటికి, ఎవరి పనికీ అడ్డం రాని చోటికి తీసుకెళ్ళి ఆనించింది.

“ఇక్కడ.”

పెట్టాను.

పోలిరాజు వాకిట్లో కేకేస్తున్నాడు. మనవడి అరికాళ్ళకి నా ముద్దులు ఇవ్వు. పెద్దయ్యాక వాడికి ఏం కావాలో వాణ్ణే అడగమని మీ అమ్మకి ఇప్పట్నించే చెప్పు.

ఇట్లు,
అడిగి పసుపు పెట్టడం ఈ వయసులో నేర్చుకున్న
మీ అయ్య